బడిసంచీ బరువు - తూకానికి దొరకనిది

మొన్న ఆదివారం మా అమ్మాయి బడిసంచీని ఇంట్లో ఉన్న వెయింగ్ మిషన్ మీద పెట్టి చూశా. ఆరు కిలోల పైమాటే. ఆరో తరగతి పిల్లకి! కొన్ని పుస్తకాలు ఇంట్లో వదిలెళ్ళొచ్చు కదమ్మా అంటే అదేం పట్టించుకోలేదు. దాని దిగులంతా వచ్చే టర్మ్‌లో "సి" సెక్షన్‌లోకి మారుస్తారేమోనని. వాళ్ళ బళ్ళో సెక్షన్లు మార్కుల్ని బట్టి. రెండు రాత్రులుగా సరిగ్గా నిద్రపోలేదట, వాళ్ళమ్మ చెబితే గానీ నాకు తెలీలేదు.

సంచీ గొడవ మన దేశంలో పాతదే. 1989లో ఆర్.కె.నారాయణ్ (అవును, మన మాల్గుడి నారాయణే) రాజ్యసభలో తన తొలి ప్రసంగాన్ని దీనికే వాడుకున్నారు. నామినేట్ అయిన పెద్దమనిషి ఏ సాహిత్యం గురించో మాట్లాడతాడనుకుంటాం కదా. ఆయన మాత్రం పిల్లలు సంచీ మోసి మోసి గూనివాళ్ళవుతున్నారనీ, చింపాంజీల్లా చేతులు ముందుకు వేలాడేసి నడుస్తున్నారనీ చెప్పుకొచ్చారు. బడి అయ్యాక ట్యూషన్లు, స్పెషల్ క్లాసులు, ఇక ఆడుకునేదెప్పుడని కూడా అడిగారు.

ఆ చర్చ సాగి సాగి 1992లో ప్రభుత్వం ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన కమిటీ వేసింది. దూరదర్శన్‌లో "టర్నింగ్ పాయింట్" చూసిన నా వయసువాళ్ళకి ఆయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. 1993లో వచ్చిన "లెర్నింగ్ వితౌట్ బర్డెన్" చిన్న రిపోర్టే. అందులో అసలు మాట ఏంటంటే, వీపు మీది బరువు కంటే అర్థంకాని చదువు బరువు ఎక్కువ ప్రమాదం. అర్థం కాలేదన్న సంగతి పిల్లాడు చెప్పడు, తనకే తెలివి లేదనుకుంటాడు.

మరి మనం ఏం చేశాం? సంచీని తూచాం. 2017లో తెలంగాణలోనూ, 2018లో కేంద్రంలోనూ ఉత్తర్వులొచ్చాయి. ఒకటి, రెండు తరగతులకి కిలోన్నర, పదో తరగతికి అయిదు కిలోలు, ఇలాగ. (మా అమ్మాయికి నాలుగు కిలోలు ఉండాలట!) మా ఆఫీసులోనూ ఇంతే లెండి. డాష్‌బోర్డు మీద అంకె కనిపించే సమస్యకే టికెట్ పడుతుంది.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాయి. మూడు లక్షల మందికి పైగా ఫెయిల్. ఆ తర్వాత కొద్దిరోజుల్లో ఇరవై మంది దాకా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పేపర్లు రాశాయి. ఒకమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది, తీరా చూస్తే అవి 99. దిద్దినవాళ్ళు తప్పు అంకె నింపారు. సరే, మనిషి పొరపాటు. కానీ మొదటి సంవత్సరం బాగా మార్కులొచ్చిన పిల్లకి సున్నా వస్తే ఒక్కసారి ఆగి చూడమని ఆ సాఫ్ట్‌వేర్ చెప్పొద్దూ? ఉద్యోగంలో చేరిన మొదటి నెల్లో నేర్పే వాలిడేషన్ అది. ఈ వృత్తిలో ఉన్నందుకు నాకు సిగ్గేసింది. ఫెయిలైనవాళ్ళ పేపర్లు మళ్ళీ చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. వాళ్ళ సంగతి అలా ఉంచితే, నిజంగానే ఫెయిలైన లక్షల మంది ఆ రాత్రి ఎవరితో మాట్లాడాలో ఏ కాలేజీ చెప్పింది?

ఇప్పుడు పరిస్థితి కొంత మెరుగు. 2022 అక్టోబర్ నుంచి టెలిమానస్ ఉంది, 14416కి ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు. ఆ నంబరు మా ఫ్రిజ్ మీద అంటించా. ఇక 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన గడ్డ మీద మొదలైన కేసులోదే. విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చిన పదిహేడేళ్ళ అమ్మాయి 2023లో చనిపోయింది. తండ్రి కోర్టుల చుట్టూ తిరిగాడు. చివరికి సుప్రీంకోర్టు కేసుని సీబీఐకి అప్పగించి, దేశమంతటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మందీ, ఆపైన విద్యార్థులున్న ప్రతిచోటా కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరిముందూ అవమానించడం మానుకోవాలి.

అది చదివి ఎగిరి గంతేశాను గానీ, "వీలైనంతవరకు" అన్న మాట ఒకటి ఉంది అందులో. ఆ మాటకున్న సందులోంచి ఏనుగు కూడా వెళ్ళిపోతుంది మన ఊళ్ళో.

వచ్చే శనివారం పేరెంట్స్ మీటింగ్. కౌన్సెలర్ ఉన్నారా, ఉంటే మా పిల్లలకి ఆ సంగతి తెలుసా అని అడుగుదామని ఉంది. సెక్షన్ల సంగతి కూడా. "మీరు అడిగితే దాన్నే సి సెక్షన్లో వేస్తారు" అంటోంది మా ఆవిడ.