యాక్సీ ఇన్ఫినిటీ

వియత్నాంకు చెందిన స్కై మావిస్ సంస్థ 2018లో ప్రారంభించిన బ్లాక్‌చెయిన్ ఆట. ఇందులోని 'యాక్సీ' అనే ప్రతి డిజిటల్ జీవీ ఒక ఎన్‌ఎఫ్‌టీ, అంటే యాజమాన్యం బ్లాక్‌చెయిన్‌లో నమోదైన ప్రత్యేక డిజిటల్ ఆస్తి. ఆటగాళ్లు వాటిని కొని, పోరాడించి, సంతతి పెంచుతారు. గెలిస్తే, డబ్బుగా మార్చుకోగల ఎస్‌ఎల్‌పీ టోకెన్లు దక్కేవి. కరోనా కాలంలో ఫిలిప్పీన్స్‌లో ఇది పలువురికి ఆదాయ మార్గమైంది. మొదట్లో ఆడటానికి మూడు యాక్సీలు అవసరమయ్యేవి. కొనలేనివారు యజమానుల యాక్సీలతో ఆడి రాబడి పంచుకునేవారు.

ఎస్‌ఎల్‌పీ జారీకి గరిష్ఠ పరిమితి లేదు. అది ఖర్చయ్యేది ప్రధానంగా సంతతి పెంపకానికే. అందువల్ల కొత్త ఆటగాళ్ల రాక మందగించగానే టోకెన్లు పేరుకుపోయాయి. 2021 జులైలో 30 సెంట్లు దాటిన ఎస్‌ఎల్‌పీ ధర 2022 మధ్యనాటికి ఒక సెంటు లోపుకు పడింది. దీనికితోడు 2022 మార్చి 23న ఆటకు అనుసంధానమైన రోనిన్ నెట్‌వర్క్ నుంచి 1,73,600 ఈథర్, 2.55 కోట్ల యూఎస్‌డీసీ క్రిప్టో నాణేలు చోరీ అయ్యాయి. ఇది ఉత్తర కొరియాకు చెందిన లాజరస్ హ్యాకర్ల ముఠా పనేనని ఏప్రిల్‌లో ఎఫ్‌బీఐ ప్రకటించింది.