పంతులుగారి ఎడమకాలి పాఠం

హనుమకొండలో పెరిగిన మా తరానికి గ్రౌండ్ అంటే క్రికెట్టే. సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ మైదానంలోనూ మేం వికెట్లే పాతాం. అందుకే 1950 సంగతి చదివినప్పుడు కాస్త సిగ్గేసింది.

ఆ ఏడాది హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకి కొత్త కోచ్ వచ్చాడు: సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులు. ఆ సీజన్లోనే బొంబాయిలో రోవర్స్ కప్పు, ఢిల్లీలో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచారు. రోవర్స్ కప్పయితే 1954 దాకా వరసగా అయిదుసార్లు!

కిటుకు ఏమిటి? బలహీనమైన కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవాడు. డ్రిబ్లింగ్ లేకుండా, బంతి అందగానే పాస్ ఇచ్చే ఆటలు ఆడించేవాడు. వెనకబడ్డ సబ్జెక్టు మీద ముందు కూర్చోబెట్టే పంతులు పద్ధతే కదా ఇది!

దేశం జట్టూ ఆయన చేతికే వచ్చింది. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. నాలుగేళ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం. అప్పటికే ఆయనకి క్యాన్సర్. 1963 జూన్‌లో పోయాడు.

ఆ స్వర్ణం మళ్లీ రాలేదు. మా సాఫ్ట్‌వేర్ పనిలో కీలకమంతా ఒక్కడి బుర్రలోనే ఉంటే భయపడతాం, పక్కవాడికి నేర్పమని వెంటపడతాం. రహీం సాబ్ నేర్పుతూనే ఉన్నాడు. ఆయన తర్వాత ఆ బడి నడపాల్సింది మనమే అనుకుంటాను. మేమేమో వికెట్లు పాతుకుంటూ కూర్చున్నాం.