పిల్లల్లో మూత్ర తిరోగమనానికి శస్త్రచికిత్స: మేడ్చల్, శామీర్‌పేట నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

మూత్రనాళం మూత్రాశయపు గోడలో ఏటవాలుగా ప్రవేశిస్తుంది. మూత్రాశయం నిండినప్పుడు ఆ భాగం నొక్కుకొని మూసుకుపోవడం వల్ల మూత్రం వెనక్కి మళ్లదు. ఈ ఏర్పాటును రెండవ శతాబ్దంలోనే గేలెన్ గుర్తించాడు. గోడలోని నాళభాగం పొడవు చాలని పిల్లల్లో మూత్రం పైకి ఎగదన్నుతుంది. దానికి సూక్ష్మజీవులు తోడైతే జ్వరం, క్రమేణా మూత్రపిండంపై మచ్చలు, ఆపై రక్తపోటు, అరుదుగా మూత్రపిండ వైఫల్యం సంభవిస్తాయి.

ఆధునిక శస్త్రచికిత్సకు నాంది 1952. వెన్నుపాము దెబ్బతిన్న రోగులను పరిశీలించిన అమెరికా వైద్యుడు హచ్, తిరోగమనానికీ మూత్రపిండ వ్యాధికీ గల సంబంధాన్ని చూపి, దిద్దుబాటు శస్త్రచికిత్సను ప్రతిపాదించాడు. 1958లో పొలిటానో, లెడ్‌బెటర్ నాళాన్ని కొత్త సొరంగంలోకి మార్చి అతికారు. సొరంగం పొడవు నాళపు వ్యాసానికి ఐదు రెట్లుండాలన్న సూత్రం 1959లో పాక్విన్‌ది. మూత్రాశయం లోపలికి పోకుండా బయటినుంచే సరిచేసే పద్ధతిని లిష్ (1961), గ్రెగ్వార్ (1964) వేర్వేరుగా రూపొందించారు. 1975లో కోహెన్ నాళాన్ని అడ్డంగా రెండో వైపుకు నడిపించాడు. 1984లో ఓడానెల్, పూరి కోత లేకుండా, ఎండోస్కోపు ద్వారా నాళద్వారం కింద టెఫ్లాన్ ఎక్కించారు.

ఇంతలో అసలు కోత అవసరమా అన్న ప్రశ్న బలపడింది. యూరప్, అమెరికాలలో జరిగిన అంతర్జాతీయ తిరోగమన అధ్యయనంలో శస్త్రచికిత్స పొందినవారికీ, రోజూ స్వల్పమోతాదు మందు వాడినవారికీ ఐదేళ్ల తర్వాత కొత్త మచ్చలలో చెప్పుకోదగ్గ భేదం కనిపించలేదు. జ్వరంతో కూడిన ఇన్ఫెక్షన్లు మాత్రం శస్త్రచికిత్స వర్గంలో తక్కువ. 2014లో వెలువడిన అమెరికా పరీక్షలో 607 మంది పిల్లలున్నారు. మందు ఇన్ఫెక్షన్లను దాదాపు సగానికి తగ్గించినా, మచ్చలను తగ్గించలేదు.

ఈ ఫలితాలను మేడ్చల్‌కు యథాతథంగా అన్వయించడం సమంజసం కాదు. అవి ఏళ్ల తరబడి క్రమం తప్పని పర్యవేక్షణలో ఉన్న పిల్లలవి. ఈ ప్రాంతపు కుటుంబాలకు 1953 నాటి నీలోఫర్ ఆసుపత్రి దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరం. ఒక్కో పరీక్షకు ఒక రోజు కూలి పోతుంది. ఘన్‌పూర్‌లోని మెడిసిటీ వైద్య కళాశాల తర్వాత వచ్చింది. 2007 డిసెంబరులో ఆరోగ్యశ్రీ అప్పటి రంగారెడ్డి జిల్లాకు విస్తరించడంతో కోత ఖర్చు భారం తగ్గింది. అయితే ఆసుపత్రిలో చేరి చేయించుకునే శస్త్రచికిత్సకు దొరికినంత సులువుగా, నెలనెలా మందుకూ మూత్రపరీక్షకూ ఆదరువు దొరకదు. పథకం రేషన్ కార్డుతో ముడిపడినందున, పారిశ్రామికవాడలలో పనికి వచ్చిన ఒడిశా, బీహార్ కుటుంబాల పిల్లలు ఈ రెండింటికీ వెలుపలే ఉండిపోయారు.