కుక్క షాంపూ వెనక ఒక ఖడ్గమృగం, ఒక మలేరియా మందు

అమెరికాలోని ఫిలడెల్ఫియా జూలో ఉండే మన దేశపు ఒంటికొమ్ము ఖడ్గమృగానికి ఒకప్పుడు చర్మవ్యాధి పట్టుకుంది. తోలు పొలుసులుగా లేచి రాలిపోసాగింది. ఫ్రెడ్ వైడ్‌మన్ అనే చర్మవ్యాధుల నిపుణుడు ఆ పొలుసులు తీసుకుని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే మొగ్గలు తొడుగుతున్న ఈస్ట్ కణాలు కనిపించాయి. ఇది కొత్త జాతి అని 1925లో రాసి, దానికి పేరు పెట్టాడు. ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక లాబ్రడార్ తల విదిలించుకుంటూ పశువైద్యుడి బల్ల ఎక్కిందనుకోండి. దాని చెవిలోంచి దూదితో తీసిన గోధుమరంగు గుబిలిలో ఆయనకు చాలాసార్లు కనిపించేది ఆ ఖడ్గమృగం మీద దొరికిన ఈస్టే. మలసీజియా పాకిడెర్మాటిస్ అంటారు. ఇది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కుక్క చర్మానికి వాడే మందు షాంపూల పుట్టుక ఏమిటో వెతకడానికి అదే కారణం.

ఈ ఈస్ట్ దగ్గరి చుట్టాన్ని అంతకు ముందే పారిస్‌లో మనిషి చుండ్రులో చూశారు. 1874లో లూయీ మలసే దాన్ని వర్ణించాడు. 1889లో బయోన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆయన పేరే దానికి పెట్టాడు. కుక్క చెవుల్లో ఇది ఉందని 1955లో స్వీడన్‌లో గుస్టాఫ్‌సన్ రాశాడు. అయినా చాలాకాలం పశువైద్యులు దీన్ని పట్టించుకోలేదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి మీద కూడా ఉండేదే కదా, దానివల్ల జబ్బేమిటి అన్నారు. 1980లలో బెల్జియంలో డ్యూఫే, ఆస్ట్రేలియాలో మేసన్ ఈ ఈస్ట్ విపరీతంగా పెరిగితే అదే జబ్బు అవుతుందని చూపించాక గానీ అభిప్రాయం మారలేదు. మధ్యలో గడిచిన ముప్పై ఏళ్లలో ఎన్ని కుక్కలు గోక్కుని గోక్కుని ఒళ్లు పుళ్లు చేసుకుని ఉంటాయో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. చర్మం నూనె ఓడుతూ, పుల్లటి ముక్క వాసన కొడుతూ, చంకల్లోనూ గజ్జల్లోనూ వెంట్రుకలు ఊడి, చివరికి ఏనుగు తోలులా నల్లబడి మందమైపోయిన కుక్కను ఒక్కసారి చూసినవాళ్లు మర్చిపోలేరు.

అలాంటి కుక్కకు ఇవాళ రాసే షాంపూ సీసా తిప్పి చూస్తే సాధారణంగా రెండు పేర్లుంటాయి. మైకోనజోల్, క్లోర్‌హెక్సిడిన్. మొదటిది 1960ల చివర్లో బెల్జియంలోని యాన్సెన్ ప్రయోగశాలలో తయారైన, ఈస్ట్‌నూ బూజునూ చంపే మందు. నా మనసు లాగేది రెండోది. దాని కథ ఒక మలేరియా మందు వేటతో మొదలవుతుంది.

1942లో జపాన్ సైన్యం జావాను ఆక్రమించింది. అప్పట్లో ప్రపంచానికి క్వినైన్ ఇచ్చే సింకోనా తోటల్లో అత్యధిక భాగం అక్కడే ఉండేది. దోమల అడవుల్లో పోరాడుతున్న మిత్రపక్షాల సైన్యాలకు మలేరియా మందు కరువైంది. ఉన్న ప్రత్యామ్నాయం మెపాక్రిన్. అది మింగితే ఒళ్లు పచ్చబడేది, కడుపులో తిప్పేది. అప్పుడు మాంచెస్టర్ దగ్గర బ్లాక్లీలో, బట్టలకు వేసే రంగులు తయారుచేసే ఐసీఐ కర్మాగారంలో, ఫ్రాన్సిస్ కర్డ్, ఫ్రాంక్ రోజ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు కొత్త మందు వేట మొదలుపెట్టారు. వాళ్లు తయారుచేసిన ప్రతి పదార్థాన్నీ గార్నెట్ డేవీ కోడిపిల్లల మలేరియా మీద పరీక్షించేవాడు. అణువుకు ఒక కొస తీసేయడం, ఇంకో కొస తగిలించడం, మళ్లీ కోడిపిల్లలకు ఇవ్వడం. మెపాక్రిన్‌లోని భారీ నిర్మాణాన్ని విడగొట్టి విడగొట్టి, చివరికి బైగ్వనైడ్ అనే చిన్న నత్రజని గొలుసు దగ్గరికి వచ్చారు. 4888 అనే సంఖ్య వేసిన పదార్థం పనిచేసింది. 1945లో అది పాలుడ్రిన్ పేరుతో బయటికొచ్చింది. ఆస్ట్రేలియాలో కెయిర్న్స్ దగ్గర హామిల్టన్ ఫెయిర్లీ దాన్ని స్వచ్ఛంద సైనికుల మీద పరీక్షించాడు. వాళ్లు కావాలని మలేరియా దోమలతో కుట్టించుకున్నవాళ్లు.

ఈ వేటకు దారి వేసిన చోట్లలో మన బేగంపేట ఒకటి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు కోసి, దాని గోడలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమకు ఆహారం పెట్టినది హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం. కుట్టిన ఒక్కో దోమకు రాస్ ఆయనకు ఒక అణా ఇచ్చాడట. రాస్ పేరు బేగంపేట భవనం మీద ఉంది. హుసేన్ ఖాన్ పేరు కూడా అక్కడ అంత పెద్ద అక్షరాల్లోనే ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మళ్లీ మాంచెస్టర్‌కి వద్దాం. పాలుడ్రిన్ దొరికాక కూడా రోజ్ బృందం బైగ్వనైడ్లను వదల్లేదు. పాలుడ్రిన్‌లోని క్లోరిన్ వలయాన్ని, దాని పక్కనున్న బైగ్వనైడ్ ముక్కనూ రెండేసి తీసుకుని, ఆరు కార్బన్ల గొలుసుతో రెండు వైపులా ముడివేస్తే క్లోర్‌హెక్సిడిన్ వచ్చింది. మలేరియా మీద దాని ఉపయోగం అంతంతమాత్రం. బాక్టీరియా మీద మాత్రం ప్రభావం అద్భుతం. 1954లో హిబిటేన్ పేరుతో దాని వివరాలు ప్రచురించారు. దాని బైగ్వనైడ్ ముక్కల్లో ఉండే ధన విద్యుదావేశం బాక్టీరియా పైపొరలోని రుణావేశాన్ని పట్టుకుంటుంది. పొర చిరిగి లోపలి సరుకు బయటికి కారిపోతుంది. ఇంకో గుణం, కుక్కకు మరీ ముఖ్యమైనది: చర్మానికీ వెంట్రుకలకూ అతుక్కుని, కడిగేశాక కూడా కొంతకాలం పనిచేస్తూనే ఉంటుంది. సర్జన్ల చేతులు, గాయాలు, దంతవైద్యుల పుక్కిలింత మందు, ఆపరేషన్‌కి ముందు పశువుల చర్మం, ఇలా తిరిగి తిరిగి కుక్కల స్నానాల గదికి చేరింది.

దీని చుట్టాల్లో ఒకటి మన ఇళ్లలో రోజూ అన్నం తిన్నాక వేసుకునే మెట్‌ఫార్మిన్. అదీ బైగ్వనైడే. మలేరియా కోసం చేసిన పరీక్షల్లో ఈ కుటుంబం రక్తంలో చక్కెరను దించుతుందని 1940లలో గమనించారు. ఆ దారిలో పారిస్‌లో జాన్ స్టెర్న్ 1957లో మెట్‌ఫార్మిన్‌ను మధుమేహానికి వాడి చూపించాడు. తాతగారి షుగర్ మాత్ర, ఆయన కుక్క షాంపూ ఒకే రసాయన వంశం. ఇంత దగ్గరి బంధుత్వాలు మందుల చరిత్రలో చాలా ఉంటాయి. మనకు చెప్పేవాళ్లే తక్కువ.

జంతువుల చర్మానికి పూసే మందుల కోసం ఇంకా పాతకాలానికి వెళ్తే ఆధారాలు ఎక్కువగా గొర్రెల గురించే. ఇరవై రెండు శతాబ్దాల నాటి రోమన్ కేటో తన వ్యవసాయ గ్రంథంలో గొర్రెల గజ్జికి మందు చెప్పాడు. ఆలివ్ నూనె మడ్డి, చేదు లూపిన్ గింజల నీళ్లు, మంచి ద్రాక్షసారా మడ్డి సమానంగా కలిపి, ఉన్ని కత్తిరించాక ఒళ్లంతా పూసి, రెండు మూడు రోజులు చెమట పట్టనిచ్చి, తర్వాత సముద్రంలో కడగమన్నాడు. సముద్రం దగ్గర లేకపోతే ఉప్పునీళ్లు చేసుకోమన్నాడు. 1387లో ఫ్రాన్సులో ఫ్వా ప్రభువు గస్తోన్ ఫెబూస్ మొదలుపెట్టిన వేట గ్రంథంలో వేటకుక్కల జబ్బులకు ఒక భాగమే ఉంది. దాని ప్రతి ఒకదానిలోని బొమ్మలో నౌకర్లు కుక్కల కాళ్లు కడుగుతూ, నోళ్లు తెరిచి చూస్తూ కనిపిస్తారు. అంత ఆప్యాయంగా గీసిన బొమ్మ కుక్కల వైద్యంలో మళ్లీ నాకు కనిపించలేదు. 1687లో బొనోమో, చెస్టోనీ ఇటలీలో గజ్జికి కారణం కంటికి ఆనీ ఆనని పురుగు అని చూపించారు. 1852లో ఇంగ్లండ్‌లో విలియం కూపర్ అనే పశువైద్యుడు ఆర్సెనిక్, గంధకం కలిపి గొర్రెలను ముంచే పొడి తయారుచేశాడు. పురుగు చచ్చేది. అది ఎంత విషమో వేరే చెప్పనక్కర్లేదు.

మన పల్లెల్లో గజ్జి పట్టిన కుక్కకూ గేదెకూ కానుగ నూనెలో గంధకం నూరి పట్టించి, ఎండలో కట్టేసి, రెండు రోజులాగి చెరువులో తోమేవాళ్లు. కేటో చెప్పిన వరసే ఇది: పూయడం, ఆగడం, కడగడం. సున్నం, గంధకం కలిపి కాచిన ద్రావణాన్ని పశువైద్యులు ఇప్పటికీ తామరకూ గజ్జికీ వాడుతున్నారు. కాబట్టి పల్లె మందును నాటు వైద్యమని తీసిపారేయడం అన్యాయం. కానుగ చెట్టు ఊరి గట్టున ఇంకా ఉంది. ఏ పుండుకు ఎంత నూనె, ఎన్ని రోజులు అన్న లెక్క తెలిసినవాళ్లే ఒక్కొక్కరుగా పోతున్నారు. రాసిపెట్టినవాళ్లు తక్కువ. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి.

గత యాభై ఏళ్లలో ఇంకో నష్టం కూడా జరిగింది. యాంటీబయాటిక్ మాత్రలు చవకగా దొరకడం మొదలయ్యాక, చీముపొక్కుల కుక్కకు మూడు నాలుగు వారాల కోర్సు రాసివ్వడం అలవాటైపోయింది. షాంపూ సోకుకు వాడేదన్న చిన్నచూపు వచ్చింది. ఆ పొక్కులకు కారణమైన స్టాఫిలోకాకస్ సూడింటర్మీడియస్ అనే బాక్టీరియా ఈలోగా మాత్రలకు లొంగకుండా మారింది. ఈ శతాబ్దం మొదటి పదేళ్లలో ఐరోపాలోనూ అమెరికాలోనూ దాదాపు ఏ మాత్రకూ తగ్గని పొక్కులతో కుక్కలు రాసాగాయి. అప్పుడు మళ్లీ స్నానం గుర్తొచ్చింది. 2015లో ఇటలీ వైద్యులు కొన్ని కుక్కలకు 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ షాంపూ, ద్రావణం మాత్రమే వాడారు. మిగిలినవాటికి నోటి ద్వారా అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఇచ్చారు. నాలుగు వారాలకు ఫలితాలు ఇంచుమించు సమానం. లొంగని బాక్టీరియా ఉన్న కుక్కలూ స్నానంతోనే కోలుకున్నాయి. ఈస్ట్ విషయంలో అంతకు ముందే, 1995లో, లండన్‌లో బాసెట్ హౌండ్ జాతి కుక్కల మీద రెండు షాంపూలకు పోటీ పెట్టారు. మైకోనజోల్-క్లోర్‌హెక్సిడిన్ షాంపూ సెలీనియం సల్ఫైడ్ షాంపూని ఓడించింది.

అయితే షాంపూ పనిచేయాలంటే పది నిమిషాలు ఒంటి మీద ఉండాలి. గోరువెచ్చని నీళ్లతో వెంట్రుకల మొదళ్ల దాకా తడిపి, ముందు వేళ్ల సందులు, చంకలు, మెడ కింద ముడతలు, తోక మొదలు, ఇలా జబ్బున్న చోట్లే మొదట నురగ పట్టించి, గడియారం చూసి ఆగాలి. తర్వాత నీళ్లు జారుడు తగ్గేదాకా పోయాలి. చాలామంది రెండు నిమిషాల్లో కడిగేసి, మందు పనిచేయలేదంటారు. మందు చీటీ మీద సీసా పేరు పక్కన నిమిషాలు కూడా రాయాలని పశువైద్యులకు నా మనవి. చెవికైతే తమ్మె లోపలి వైపు తుడవడం వరకే చాలు. చెవిపొర చిల్లుపడిన కుక్కకు క్లోర్‌హెక్సిడిన్ లోపలికి పోతే వినికిడి దెబ్బతినే ప్రమాదముంది.

వారానికి రెండుసార్లు చొప్పున మూడు నాలుగు వారాలు స్నానం చేయించాక వాసన పోయి, నూనె తగ్గి, గోకుడు మాత్రం అలాగే ఉంటే ఆ తర్వాతి వెతుకులాట అలర్జీ గురించి. ఈస్ట్ విపరీతంగా పెరగడానికి చర్మాన్ని సిద్ధం చేసి పెట్టేది చాలాసార్లు అదే. తిండి వల్లనా, ఇంటి దుమ్ములోని పురుగుల వల్లనా, గెంతే పేలు (ఫ్లీలు) కుట్టడం వల్లనా అన్నది పశువైద్యుడు ఒక్కొక్కటిగా తేల్చుకోవాలి.