పెళ్లికూతురి కంకణం: రక్షా? రసీదా?

తెలుగులో 'కంకణం కట్టుకున్నాడు' అంటే పట్టుదలతో ఒక పనికి పూనుకున్నాడని అర్థం. 'కంకణబద్ధుడు' అన్న మాట రాజకీయ నాయకుల ఉపన్యాసాల్లో రోజూ వింటాం. ఈ మాటకు మూలమైన వస్తువు మాత్రం చాలా చిన్నది. తెల్లని నూలుదారాన్ని కొన్ని పేటలు వేసి పేని, పసుపు పూసి, మధ్యలో ఒక పసుపుకొమ్మును ముడివేస్తే పెళ్లి కంకణం తయారవుతుంది. వరుడికి కుడిచేతికి, వధువుకి ఎడమచేతికి కడతారు. పెళ్లి తంతు ముగిశాక, కొన్ని ఇళ్లలో పదహారు రోజుల పండుగనాడు, విప్పేస్తారు. ఖర్చు దాదాపు సున్నా. ఇంత చవకైన వస్తువు వెనుక ఉన్న చరిత్ర మాత్రం చవకైనది కాదు.

'పసుపు క్రిమిసంహారిణి, మన పెద్దలు సైన్సు తెలిసే కట్టారు' అని ఈ మధ్య చాలామంది చెబుతున్నారు. ఈ వాదన నిలుస్తుందో లేదో పాత గ్రంథాలనే అడుగుదాం. శాంఖాయన గృహ్యసూత్రం వివాహ విధిలో పెళ్లికూతురికి ఆమె బంధువులు ఒక తాడు కట్టాలని ఉంది. అది ఎరుపు, నలుపు రంగుల ఉన్నితాడు, లేదా నారతాడు. దానికి మూడు మణులు గుచ్చాలి. పేరు ప్రతిసరం. అందులో పసుపు ఊసే లేదు. కట్టేటప్పుడు చదవమన్న మంత్రం ఋగ్వేదం 10వ మండలంలోని 85వ సూక్తం, అంటే వివాహ సూక్తం, లోనిది. అక్కడ ప్రస్తావన క్రిముల గురించి కాదు, 'కృత్య' గురించి. కృత్య అంటే ఎవరో ప్రయోగించిన చేతబడి. అథర్వవేదం 8వ కాండలోనూ ప్రతిసర మణిని కృత్యను తిప్పికొట్టే వస్తువుగానే పొగిడారు. అంటే పెళ్లికూతురి తాడు పుట్టింది చేతబడి భయంలో. ఆరోగ్యశాస్త్రం తర్వాత అతికించిన లేబులు మాత్రమే.

కాళిదాసు కాలానికి దీని పేరు కౌతుక సూత్రం. కుమారసంభవం 7వ సర్గలో పార్వతికి తల్లి మేన ఉన్నితో చేసిన ఈ తాడును కడుతుంది. కళ్లనిండా నీళ్లు నిండి చోటు తప్పి కడితే, దాది వేళ్లతో సర్దుతుంది. కవి దృష్టి తల్లి బెంగ మీద ఉంది. భయం నుంచి పుట్టిన ఆచారం ఆప్యాయతలో కలిసిపోయి ఎలా నిలబడిందో ఇక్కడ తెలుస్తుంది. హేతువాదులం ఈ రెండో భాగాన్ని మరిచిపోకూడదు. అమ్మ కట్టిందన్న మమకారమే చాలామంది చేతికి ఆ తాడును ఉంచుతోంది.

ఇంతవరకూ పెద్ద పేచీ లేదు. తాడు ఇద్దరికీ కడుతున్నారు, కొద్దిరోజుల్లో విప్పేస్తున్నారు. అసలు పేచీ విప్పకూడని కంకణాలతో వస్తుంది. దీనికి బెంగాల్ మంచి ఉదాహరణ. అక్కడ హిందూ పెళ్లికూతురు శంఖంతో చేసిన తెల్లగాజు (శాఁఖా), ఎర్రగాజు (పొలా), ఇనుప కడియం (నోవా) వేసుకుంటుంది. శంఖపు గాజుల పని మన ఉపఖండంలో అతి పాతది. గుజరాత్ తీరంలోని నాగేశ్వర్‌లో హరప్పా నాగరికత కాలపు శంఖపు కార్ఖానా బయటపడింది. శంఖాన్ని రంపంతో అడ్డంగా వలయాలుగా కోసి, లోపలా బయటా అరగదీసి, పైన గీతలు చెక్కేవారు. బెంగాల్ శాంఖారీలు చేతితో చేసినదీ అదే పని. వారికి శంఖాలు తమిళనాడు తీరం నుంచి, మన్నార్ సింధుశాఖ నుంచి వెళ్లేవి. ఢాకాలోని శాంఖారీ బజార్ ఈ పనివారి పేరుమీద వెలసిన వీధే.

పనితనానికి చేయెత్తి నమస్కరిద్దాం. కానీ ఆ గాజుకు తగిలించిన అర్థం చూడండి. అది భర్త ఆయుష్షుకు రక్ష. భర్త పోతే పగలగొట్టాలి. వేదకాలపు తాడు వధువును కాపాడటానికి పుట్టింది. ఈ గాజు భర్తను కాపాడటానికి, వధువు మోయాల్సిన వస్తువైంది. భర్త చేతికి భార్య ఆయుష్షు కోసం అలాంటి గాజేదీ లేదు. మన ప్రాంతంలో మట్టిగాజులకూ నల్లపూసలకూ ఇదే గతి.

జమాఖర్చుల భాషలో చెప్పాలంటే ఈ ఖాతా ఎప్పటికీ సరితూగదు. భర్త బతికితే జమ అంతా గాజు పేరున రాస్తారు. పోతే ఖర్చంతా ఆమె 'దురదృష్టం' పేరున రాస్తారు. గాజు విఫలమైందని ఏ పుస్తకంలోనూ రాయరు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వితంతువులు 4 కోట్లకు పైనే. వారిలో ఎంతోమంది పెళ్లినాడు ఏదో ఒక రక్ష కట్టుకున్నవారే. ఓడిపోయే వీలే లేకుండా రాసుకున్న లెక్కను నమ్మకం అనవచ్చు గాని, రుజువు అనలేం.

ఇది పాతకాలపు గొడవ కాదు. 2020 జూన్‌లో గౌహతి హైకోర్టు ఒక విడాకుల కేసులో, భార్య శాఁఖా, సిందూరం ధరించనని నిరాకరించడం వివాహాన్ని అంగీకరించకపోవడానికి సూచన అని వ్యాఖ్యానించింది. తీర్పుకు వేరే కారణాలూ ఉన్నాయి. అయినా ఒక గాజు, భార్య మనసుకు సాక్ష్యంగా కోర్టులో నిలబడింది. రక్ష కాస్తా రసీదైపోయింది. అదే రసీదు భర్తను ఎవరూ అడగలేదు.

చట్టం చూస్తే, 1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ వధూవరుల్లో ఏ ఒక్కరి పక్షపు ఆచారం ప్రకారం పెళ్లి జరిగినా ఒప్పుకుంటుంది. కంకణం గానీ గాజు గానీ తప్పనిసరి అనలేదు. 1954 ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం ఏ మతతంతూ లేకుండానే పెళ్లి చేసుకోవచ్చు. 1954లోనే వచ్చిన మాంత్రిక చికిత్సల ప్రకటనల నిషేధ చట్టం తాయెత్తును, కవచాన్ని 'మ్యాజిక్ రెమెడీ' నిర్వచనంలో చేర్చింది. అయితే అది నిషేధించేది రోగాలు నయమవుతాయంటూ చేసే ప్రకటనలను మాత్రమే, కట్టుకోవడాన్ని కాదు. అది సబబే. ఎవరి మణికట్టు వారి ఇష్టం.

మన దగ్గర ఈ దారి ఎప్పుడో వేశారు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం వితంతు వివాహం జరిపించి, పగలగొట్టిన గాజులు మళ్లీ వేసుకోవచ్చని చూపించారు. త్రిపురనేని రామస్వామి చౌదరి 'వివాహ విధి' రాసి పెళ్లి తంతును తెలుగులోకి తెచ్చారు. గోరా తన పెద్దకుమార్తెకు 1948లో సేవాగ్రామ్‌లో దళిత యువకుడితో పెళ్లి చేశారు. 2022 మే నెలలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామసభ, భర్త పోయిన స్త్రీల గాజులు పగలగొట్టడం వంటి ఆచారాలను ఆపాలని తీర్మానించింది. అదే నెలలో మిగతా గ్రామాలూ ఆ దారిలో నడవాలని రాష్ట్ర ప్రభుత్వం సూచించింది.

కనుక పెళ్లికూతురికి చేతితో ఒక కంకణం చేసి ఇవ్వాలనుకునే మిత్రులు తప్పకుండా ఇవ్వండి. పూసలు గుచ్చండి, శంఖపు ముక్క పెట్టండి, అందంగా చేయండి. ఇచ్చేటప్పుడు 'ఇది నీకు నచ్చినంతకాలం వేసుకో, నచ్చకపోతే తీసేయ్, ఎవరు పోయినా దీన్ని పగలగొట్టనివ్వకు' అని ఒక్కమాట చెప్పండి. వీలైతే పెళ్లికొడుకుకూ అలాంటిదే ఒకటి చేసివ్వండి.