మంచి పేరు పక్క ఊళ్లకి, చెడ్డ పేరు చింతపల్లికి

చింతపల్లి అనగానే మన భీమవరంలో మూడే మాటలు వినిపిస్తాయి: జ్వరాలు, అన్నలు, గంజాయి. ఉద్యోగరీత్యా కొండెక్కి, బదిలీ అడక్కుండా ఇక్కడే ఉండిపోయిన మేస్టార్ని నేను. పండక్కి ఊరొస్తే మేనత్తలు ఇప్పటికీ "ఏం తప్పు చేశావురా, నిన్ను తీసుకెళ్లి అక్కడ పడేశారు" అని అడుగుతుంటారు. గవర్నమెంటు ఆఫీసుల్లో ఏజెన్సీ పోస్టింగంటే శిక్షేనన్న లెక్క తెల్లదొరల కాలం నుంచీ ఉన్నదే కాబట్టి వాళ్లని అనడానికి లేదు. అయితే ఇన్నేళ్లుగా ఈ నేల చరిత్ర వింటూ, చదువుతూ ఉంటే ఒక సంగతి తేలింది. చింతపల్లిలో పుట్టిన మంచి అంతా పక్క ఊళ్ల పేరు మీద చలామణీ అవుతోంది. చెడు మాత్రం చింతపల్లి పేరు మీదే అచ్చవుతోంది. అదెలాగో మన గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పాలనిపించింది.

ముందుగా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఇది మన రాష్ట్రమే అయినా చట్టం దృష్టిలో రెండువందల ఏళ్లుగా వేరే దేశం లాంటిది. మన డెల్టా కథ ధవళేశ్వరం ఆనకట్టతో మొదలవుతుంది. 1852లో ఆ ఆనకట్ట పూర్తవడానికి 13 ఏళ్ల ముందే, 1839లో, కుంఫిణీ ప్రభుత్వం విశాఖపట్నం, గంజాం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల, మామూలు చట్టాల పరిధి నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటుగా కలెక్టరు చేతిలో పెట్టింది. ఏజెన్సీ అన్న పేరు అక్కడినుంచి వచ్చిందే. వరసగా జరిగిన పితూరీలను అణచలేక చేసిన ఏర్పాటది. చింతపల్లి చుట్టుపక్కల గూడెం కొండలు అప్పట్లో గొలుగొండ జమీందారీ కింద ఉండేవి. కొన్ని ఊళ్లు కలిస్తే ఒక ముఠా, దానికొక ముఠాదారు. కింద ఎవరు ఏలినా కొండ మీద మాట ముఠాదారుదే. 1837లో గొలుగొండ కుంఫిణీ చేతికొచ్చాక ఆ పద్ధతికి గండి పడింది. 1845 నుంచి 1848 దాకా ఇక్కడ తిరుగుబాటు నడిచింది. అంటే మన పొలాలకి కాలవ నీళ్లు రాకముందే ఈ కొండల జనం తెల్లవాడితో తలపడి ఉన్నారు.

ఆ తర్వాత ఆబ్కారీ వచ్చింది. సొంత జీలుగు చెట్టు కల్లు గీసుకోవడానికి కూడా పన్ను కట్టమన్నారు. 1879లో రంప భగ్గుమంటే ఆ మంట గూడెం కొండలకూ అంటుకుంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి, తాతల నాటి నుంచి పోడు కొట్టుకుంటున్న అడవిని రిజర్వు ఫారెస్టు అంది. దానికి తోడు రోడ్డు. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ మీదుగా చింతపల్లికి ఇవాళ మీరు కారులో పాటలు వింటూ ఎక్కే దారి కొండవాళ్ల వెట్టితో వేసినది. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ కూలి ఎగ్గొట్టి, కొట్టి పని చేయించాడన్నది 1922 తిరుగుబాటుకి చెప్పుకునే ముఖ్యమైన కారణాల్లో ఒకటి. ఇక్కడ కొండవాళ్ల ఇళ్లల్లో ఆ పేరు ఇప్పటికీ తెలుసు.

అక్కడినుంచి కథ మనకి తెలుసు, సగమే. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు మొట్టమొదట దాడి చేసింది చింతపల్లి పోలీసు స్టేషను మీద. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు, రెండున్నర వేలకి పైగా తూటాలు దొరికాయి. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 24న, దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు హతమయ్యారు. ముందు నడుస్తున్న మన సిపాయిలను వదిలేసి, వెనక వచ్చే దొరలనే గురిచూసి కొట్టారు. దాంతో మలబారు పోలీసులు దిగారు, చివరికి అస్సాం రైఫిల్స్‌ని రప్పించాల్సి వచ్చింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని కాల్చి చంపారు.

దీనికి మన పుస్తకాల్లో పేరేమిటి? రంప తిరుగుబాటు. రంప ఉన్నది తూర్పుగోదావరి వైపు. దాడి మొదలైందీ, దళంలో ముఖ్యులు పుట్టిందీ గూడెం కొండల్లో. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ తన వ్యాసంలో గూడెం-రంప అని రెండు పేర్లూ కలిపి రాశాడు. మన క్లాసు పుస్తకాలకి ఆ ఓపిక లేకపోయింది.

ఇంకో మాట, కాస్త చేదుగా ఉంటుంది. సీతారామరాజు కుటుంబం మన భీమవరం పక్కన మోగల్లుది. ఆయన కూడా నాలాగే కింద నుంచి వచ్చిన మనిషి. 2022 జులై 4న మన ఊళ్లో ప్రధానమంత్రి ఆవిష్కరించిన 30 అడుగుల విగ్రహం ఆయనదే, గర్వపడాల్సిందే. కానీ గాం గంటందొర పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఆయన బట్టిపనుకుల మునసబు. బాస్టియన్‌తో పేచీపడి మునసబు గిరీ, భూమీ పోగొట్టుకున్నవాడు. రాజు పోయాక ఆ 1924లోనే పోలీసు కాల్పుల్లో పోయాడు. తమ్ముడు మల్లుదొర పట్టుబడి, ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గి, స్వాతంత్ర్యం వచ్చాక 1952లో జరిగిన తొలి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి లోక్‌సభలో కూర్చున్నాడు. స్టేషన్లో తుపాకులు ఎత్తుకెళ్లినవాడు పార్లమెంటుకి వెళ్లిన నియోజకవర్గం మన దేశంలో ఇంకెక్కడుందో వెతుక్కోవాలి. రాజు దళంలోని ఎర్రేసు, బోనంగి పండుపడాలు పేర్లూ అంతే, ఇక్కడ ముసలాళ్ల నోట వినాలి తప్ప కింద వినపడవు. మండలంలోని తాజంగిలో గిరిజన స్వాతంత్ర్య యోధుల మ్యూజియం తలపెట్టడం కొంత ఊరట.

ఇక చలి సంగతి. డిసెంబరు వస్తే టీవీల్లో లంబసింగి హోరెత్తిపోతుంది. ఆంధ్రా కశ్మీర్ అని పేరు పెట్టారు. లంబసింగి చింతపల్లి మండలంలో ఒక పంచాయతీ. "లంబసింగిలో కనిష్ఠ ఉష్ణోగ్రత" అని మీరు చదివే అంకెలు చాలాసార్లు నమోదయ్యేది చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ఈ స్థానం ఎత్తైన గిరిజన ప్రాంతానికంతా పెద్ద దిక్కు. రాజ్‌మా, పసుపు, అల్లం, చిరుధాన్యాలు ఇక్కడి కొండవాలుకి ఏ రకం నప్పుతుందో చూసి రైతుకి చెప్పేది వీళ్లే. మన రాష్ట్రంలో స్ట్రాబెర్రీ పండుతుందనీ, ఆపిల్ మొక్క బతుకుతుందనీ చూపించింది కూడా ఈ చుట్టుపక్కల పొలాలే. చూడ్డానికి వచ్చేవాళ్లు మాత్రం తెల్లారకముందే చెరువులవేనం కొండ ఎక్కి మబ్బుల ముందు ఫొటో దిగి, టిఫిను తిని, ఎండ రాగానే ఘాట్ దిగిపోతారు. చింతపల్లి సంతలోకి అడుగు పెట్టేవాళ్లు వేళ్ల మీద లెక్క. అక్కడికొస్తే తెలుస్తుంది, పసుపు, మిరియాలు, చింతపండు, అడ్డాకులు, చోళ్లు, సామలు పోసుకుని కూర్చున్న ఆడవాళ్ల బేరంలో ఎంత లెక్క ఉందో.

కాఫీ కథ ఇంకా చిత్రం. 2017లో ప్యారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారని మనమంతా మురిసిపోయాం. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అరకు వ్యాలీ అరబికా అన్న పేరుతో. ఆ పేరు కింద వచ్చే గింజ ఒక్క అరకు లోయదే అనుకోకండి. పాడేరు ఐటీడీఏ పరిధిలోని 11 మండలాల్లో కాఫీ ఉంది. చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు తోటలు అందులో పెద్దవి. చింతపల్లి దాటి సీలేరు దారిలో వెళ్తే ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డు వాళ్ల పరిశోధన కేంద్రం, అటవీ అభివృద్ధి సంస్థ తోటలు కనిపిస్తాయి. మొదట్లో పోడు మాన్పించడానికి, కొండ మట్టి కొట్టుకుపోకుండా ఉండడానికి అడవి శాఖ వేసిన పంట ఇది. గిరిజనుల చేతికొచ్చాక వాళ్ల పద్ధతిలోకి మారింది. పైన సిల్వర్ ఓక్, దాన్ని అల్లుకుని మిరియాల తీగ, కింద నీడలో కాఫీ మొక్క. ఇంటికి ఎకరం, రెండెకరాలు. నవంబరు నుంచి పండు కోతలు. కొనేవాళ్లలో గిరిజన సహకార సంస్థ, అంటే మన జీసీసీ, ఒకటి. 1956 నుంచీ ఉంది. మధ్యలో దళారి చేతిలో పడితే రైతుకి మిగిలేది తక్కువే గానీ, తోట మాత్రం రైతుదే.

తిరుగుబాటు రంపకి, చలి లంబసింగికి, కాఫీ అరకుకి పోయాయి. చింతపల్లికి మిగిలినవి గంజాయి, బాక్సైట్.

గంజాయి లేదని నేను అబద్ధం చెప్పను. ఏజెన్సీ అంతటా సాగు జరిగింది. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల మొక్కలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పేసి కాల్చారు. కానీ విత్తనం తెచ్చినవాడు, పెట్టుబడి పెట్టినవాడు, సరుకు దూరప్రాంతాలకి దాటించి డబ్బు చేసుకున్నవాడు ఎక్కువసార్లు కొండ మనిషి కాడు. దొరికిపోయి జైల్లో కూర్చునేది మాత్రం మూట మోసిన కుర్రాడు. అందులో నా దగ్గర చదువుకున్నవాళ్లున్నారు. అందుకే చింతపల్లి గంజాయి అన్న హెడ్డింగు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

బాక్సైట్ కథలో ఊరు తానే గెలిచింది. ఇక్కడి కొండల నెత్తి మీద బాక్సైట్ ఉంది. దాన్ని తవ్వితే ఊటగెడ్డలు ఎండిపోతాయని, కాఫీ పోతుందని జనం మొదటి నుంచీ వద్దంటూనే ఉన్నారు. 2015 నవంబరులో జీవో 97 వచ్చింది, చింతపల్లి, జెర్రెల అడవుల్లో 1,212 హెక్టార్లు ఖనిజాభివృద్ధి సంస్థకి అప్పగిస్తూ. కొండలన్నీ లేచాయి. పార్టీలకి అతీతంగా గ్రామసభలు, బందులు, పాదయాత్రలు. 2019లో ప్రభుత్వం ఆ జీవోని రద్దు చేసింది. 1922లో తుపాకీ పట్టి సాధించలేనిది, తొంభై ఏడేళ్ల తర్వాత సంతకాలతో, తీర్మానాలతో సాధించారు.

దీనికి దన్నుగా నిలిచింది భూమి చట్టం. 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనుల భూమి పైవాళ్లకి పోకూడదని చట్టం చేసింది. అది చాలక 1959లో ఒకటో రెగ్యులేషన్, 1970లో దానికి సవరణ వచ్చాయి. అదే వన్ ఆఫ్ సెవెంటీ. ఈ లెక్కన ఇక్కడ గిరిజనేతరుడి నుంచి గిరిజనేతరుడు కూడా భూమి కొనుక్కోలేడు. బొర్రా ప్రాంతపు గనుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లి, ప్రభుత్వం కూడా షెడ్యూల్డు ప్రాంతపు భూమిని ప్రైవేటు గనులవాళ్లకి లీజుకివ్వరాదని తేల్చింది.

కాబట్టి "లంబసింగిలో రిసార్టుకి ఓ ఎకరం చూసిపెట్టరా" అని ఫోన్లు చేసే మన బంధువులందరికీ ఒకటే జవాబు: దొరకదు. నేను సర్వీసంతా ఇక్కడే చేసినా నాకు సెంటు భూమి లేదు, ఉండకూడదు కూడా. స్టాఫ్ క్వార్టర్లో ఉంటాను, రిటైరైతే ఖాళీ చేస్తాను. మన పశ్చిమగోదావరిలో వరిచేలు చేపల చెరువులై, చెరువులు ప్లాట్లై చేతులు మారుతుంటే చూసినవాణ్ణి. నేల ఇంకా దున్నేవాడి చేతిలోనే ఉన్న ఊరు ఎలా ఉంటుందో చింతపల్లి వచ్చాకే చూశాను.

ఇదంతా చెప్పి ఇక్కడ స్వర్గం ఉందనను. రోడ్డు లేని గూడేల నుంచి నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే రోజులు ఇంకా పోలేదు. బలపం, కుడుముసారి వైపు లోపలి ఊళ్లకి వానాకాలంలో గెడ్డ పొంగితే దారి ఉండదు. జ్వరాల సీజనూ అబద్ధం కాదు. 2022 ఏప్రిల్లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి కలెక్టరు పాడేరుకి వచ్చాక పాలన కొంత దగ్గరైంది, అంతే. అయితే ఈ కష్టాలు ఊరి గుణం కాదు, డాక్టరూ మేస్టారూ వచ్చిన వారానికే బదిలీ కాగితాలు పట్టుకు తిరగడం వల్ల వచ్చినవి కూడా వాటిలో ఉన్నాయి. చెడ్డ పేరు చూసి మనిషి రాడు, మనిషి రాక పేరు మరింత చెడుతుంది.

మీరు చెయ్యగలిగింది పెద్దదేం కాదు. చలికాలంలో వస్తే లంబసింగిలో ఆగిపోకుండా ఇంకో పాతిక కిలోమీటర్లలోపే ఉన్న చింతపల్లి సంత దాకా రండి. రాజ్‌మా, మిరియాలు, పసుపు బేరం ఆడకుండా కొనండి. ప్లాస్టిక్ సీసాలు వెనక్కి పట్టుకుపోండి. భూమి మాట ఎత్తకండి. మీ ఇంట్లో ఎవరికైనా డీఎస్సీలోనో, పీహెచ్‌సీలోనో చింతపల్లి పోస్టింగ్ వస్తే ఎమ్మెల్యే చుట్టూ తిప్పకండి. చేరమని చెప్పండి.