మొదటి ముక్క ఏది?

పేక పంచారు. మీ చేతికి 13 ముక్కలు వచ్చాయి. మిగిలిన 39 ముక్కలు మరో ముగ్గురి చేతుల్లో ఉన్నాయి. వాటిలో ఒక్కటీ మీకు కనబడదు. అయినా ఆటలో మొదటి ముక్క వేయవలసింది మీరే. ఏది వేస్తారు?

కాంట్రాక్ట్ బ్రిడ్జి ఆటలో దీనిని ‘ఓపెనింగ్ లీడ్’ అంటారు. పేకాట పేరెత్తగానే ఇంట్లో పెద్దలు ముఖం చిట్లిస్తారని మాకు తెలుసు. వారికి ముందుగా ఒక తీర్పు గురించి చెప్పండి. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై 1963లో పోలీసులు దాడి చేశారు. అక్కడ డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారని కేసు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టివేసింది, రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. రమ్మీ కేవలం అదృష్టం మీద నడిచే ఆట కాదనీ, పడిన ముక్కలను గుర్తుంచుకోవడానికీ చేతిని పేర్చుకోవడానికీ నేర్పు కావాలనీ 1967 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. రమ్మీలో ఉండే అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం వంటిదేనని కూడా అన్నది. (డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి నిషేధించాయి. అది వేరే కథ.)

భిలాయి టౌన్‌షిప్‌లో పెరుగుతున్న తెలుగు విద్యార్థులకు ఒక ముచ్చట. ఆ తీర్పు చెప్పిన జస్టిస్ హిదయతుల్లా మీ పక్కనే ఉన్న రాయపూర్ ప్రభుత్వ హైస్కూలులో చదువుకుని 1922లో బయటికి వచ్చినవారే.

ముక్కలు పంచడం అదృష్టం, ఆడడం నేర్పు. సరే, మరి మొదటి ముక్క సంగతేమిటి? అది ఈ రెండింటి సరిహద్దులో ఉంది.

బ్రిడ్జిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జట్టు. ముందు వేలంపాట జరుగుతుంది. ఎక్కువ పట్టులు గెలుస్తామని పాడిన జట్టులో ఒకరు ఆట నడిపిస్తారు. అతడికి ఎడమ పక్కన కూర్చున్నవారు మొదటి ముక్క వేయాలి. అది బల్లమీద పడిన తరువాతే ఆట నడిపేవాని జోడీ తన 13 ముక్కలనూ అందరికీ కనబడేలా పరుస్తాడు. అతడే ‘డమ్మీ’.

ఇప్పుడు లెక్క చూడండి. మీకు కనబడని 39 ముక్కలు ముగ్గురి మధ్య 84,478,098,072,866,400 రకాలుగా ఉండవచ్చు. అంటే సుమారు 845 కోట్ల కోట్లు! డమ్మీ పరిచిన మరుక్షణం తెలియని ముక్కలు 26కు తగ్గుతాయి. వాటిని ఇద్దరి మధ్య పంచగల పద్ధతులు 10,400,600 మాత్రమే, అంటే కోటి పైచిలుకు. తరువాతి ముక్కలన్నీ ఈ వెలుగులో పడతాయి. మొదటిది ఒక్కటే చీకటిలో పడుతుంది.

పూర్తిగా చీకటి కూడా కాదనుకోండి. భిలాయిలో 1959 నుంచి బ్లాస్ట్ ఫర్నేసులు నడుస్తున్నాయి. కొలిమి లోపలికి ఎవరూ తొంగి చూడలేరు. పైకి వచ్చే వాయువును, ఉష్ణోగ్రతను బట్టి లోపల ఏం జరుగుతోందో ఇంజనీర్లు గ్రహిస్తారు. బ్రిడ్జిలో వేలంపాట ఆ వాయువు వంటిది. ఎవరు ఏ రంగు పాడారన్నదే కాదు, ఏ రంగు పాడకుండా వదిలేశారన్నదీ ఒక కబురే.

బ్రిడ్జికి తాత ‘విస్ట్’. దాని మీద ఎడ్మండ్ హోయిల్ 1742లో ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. విస్ట్‌లో డమ్మీ లేదు, పాట కూడా లేదు. అందుచేత మొదటి ముక్క జోడీకి పంపే ఉత్తరంలా పనిచేసేది. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ ఉత్తరానికి వ్యాకరణం తయారయింది. పొడుగాటి రంగులో పై నుంచి నాలుగో ముక్క వేయాలన్నది అందులో ఒక సూత్రం. ఆర్. ఎఫ్. ఫోస్టర్ దీని నుంచి ఒక చక్కటి లెక్క తీశాడు. అదే ‘పదకొండు సూత్రం’. వేసిన ముక్క అంకెను 11 నుంచి తీసివేస్తే, దానికంటే పెద్ద ముక్కలు మిగతా మూడు చేతుల్లో ఎన్ని ఉన్నాయో వస్తుంది.

ఎందుకు? జాకీని 11గా, రాణిని 12గా, రాజును 13గా, ఆసును 14గా లెక్కపెట్టండి. 7కు పైన 14 - 7 = 7 ముక్కలుంటాయి. వేసినది నాలుగోది కనుక అందులో మూడు వేసినవారి దగ్గరే ఉన్నాయి. మిగిలినవి 4. అంతే!

మీ జోడీ ఇస్పేటు 7 వేశాడనుకుందాం. తురుపు లేని ఆట. డమ్మీలో రాణి, 9, 3 ఉన్నాయి. మీ చేతిలో ఆసు, జాకీ, 4. 7కు మించినవి డమ్మీలో రెండు, మీ దగ్గర రెండు, మొత్తం నాలుగు. అంటే ఆట నడిపేవాని చేతిలో 7ను మించినది ఒక్కటీ లేదు. డమ్మీ 3 వేస్తే మీరు నిశ్చింతగా 4 వేయండి. మీ జోడీ 7తోనే పట్టు గెలుస్తాడు. రాజు, 10, 8 అతడి దగ్గర భద్రంగా ఉంటాయి. ఈ లెక్క తెలియనివారు ఆసు పారేసుకునేవారు.

కాని చిక్కేమిటంటే, ఆ ఉత్తరాన్ని శత్రువు కూడా చదువుతాడు. 11 నుంచి తీసివేయడం అతడికీ వచ్చు. హెరాల్డ్ వాండర్‌బిల్ట్ 1925లో ఓడ ప్రయాణంలో కాంట్రాక్ట్ బ్రిడ్జికి రూపమిచ్చిన తరువాత ఈ బేరం మరింత బిగిసింది. జోడీకి ఎంత చెప్పాలి, శత్రువుకు ఎంత దాచాలి? ఫాన్ న్యూమన్, మోర్గెన్‌స్టెర్న్ 1944లో రాసిన క్రీడా సిద్ధాంత గ్రంథంలో బ్రిడ్జిని నలుగురి ఆటగా కాక ఇద్దరి ఆటగా చూశారు. అయితే ఆ ఇద్దరిలో ఒక్కొక్కరూ ఒకరి ముక్కలు ఒకరికి తెలియని రెండు సగాలుగా చీలి ఉంటారు. ఆ సమాచారం ఎంత విలువైనదో 2015లో బయటపడిన ఒక కుంభకోణం చూపింది. బోర్డును బల్లమీద ఏ చోట పెడుతున్నారన్న దానితోనే, ఏ రంగు వేయాలో జోడీకి దొంగ సైగ చేస్తున్నారని అంతర్జాతీయ స్థాయి ఆటగాళ్ళ జంట ఒకటి దొరికిపోయింది.

ఇక కంప్యూటర్ల మాట. 1946లో స్టానిస్లా ఉలామ్ అనే గణితవేత్త జబ్బు నుంచి కోలుకుంటూ ఒంటరి పేకాట ఆడుతున్నాడు. ఆట గెలిచే అవకాశమెంతో సూత్రాలతో తేల్చబోయి విసిగి, వంద సార్లు ఆడి లెక్కపెడితే సరిపోదా అనుకున్నాడు. ‘మోంటే కార్లో పద్ధతి’కి అదే నాంది. ఆ పద్ధతి చివరికి పుట్టింటికే వచ్చింది. డేవిడ్ బర్డ్, టాఫ్ ఆంథియాస్ 2011లో, 2012లో ప్రకటించిన రెండు పుస్తకాల్లో, జరిగిన పాటకు సరిపోయే పంపకాలను కంప్యూటర్‌తో వేల సంఖ్యలో తయారుచేయించి, ప్రతి ముక్కనూ మొదటి ముక్కగా వేయించి చూశారు.

పాత సూత్రాలకు కొన్ని దెబ్బలు తగిలాయి. ఒకరు తురుపు లేని ఆట పాడగా జోడీ నేరుగా మూడుకు పెంచితే, డైమనులోనో కళావరులోనో నాలుగో ముక్క వేయడం కన్నా, పొట్టిగా ఉన్నా ఇస్పేటో ఆఠీనో వేయడం చాలాసార్లు మేలని తేలింది. కారణం ఆలోచించారా? ఆ రంగుల్లో నాలుగు ముక్కలుంటే ఆ జోడీ సాధారణంగా మరో పాట పాడి వెదికేవాడు. వెదకలేదు కాబట్టి అవి మీ వైపు ఉండే అవకాశం ఎక్కువ. ఈ ప్రయోగంలో ఒక లోపం లేకపోలేదు. ఇందులో మొదటి ముక్క పడిన తరువాత అందరూ అందరి ముక్కలూ చూస్తూ ఆడినట్లే లెక్క కట్టారు. మనుషులు అలా ఆడరు కదా!

2022 మార్చిలో పారిస్‌లో ‘నూక్’ అనే ప్రోగ్రాము ఎనిమిది మంది ప్రపంచ ఛాంపియన్లను మించిపోయింది. అయితే ఆ పోటీలో పాట లేదు. ఆట నడిపే నైపుణ్యాన్ని మాత్రమే పోల్చారు. మొదటి ముక్క ఎంచుకునే పని పరీక్షకే రాలేదు.

సెలవుల్లో మీరే ఒక పని చేయండి. 13 ముక్కలు తీసి మీ ముందు పరచుకోండి. ఒక పాట ఊహించుకోండి. మిగతా 39 ముక్కలను బాగా కలిపి మూడు వాటాలు వేయండి. ఆ పాటకు పొసగని పంపకాన్ని పక్కన పెట్టి మళ్ళీ కలపండి. పొసిగితే రెండు వేర్వేరు మొదటి ముక్కలతో రెండు సార్లు ఆడి, ఎన్ని పట్టులు వచ్చాయో నోటుబుక్కులో రాసుకోండి. ఇరవై పంపకాలు చాలు. మీరు మొదట వేద్దామనుకున్న ముక్క ఎన్నిసార్లు గెలిచిందో చూడండి.